పల్నాటిలో నేను చెరిపించిన మొహం

పల్నాడు వెళ్ళొచ్చి నాలుగు నెలలు కావస్తోంది. ఎక్కడికి వెళ్ళొచ్చినా పది రోజుల్లో రాసేయడం నాకు అలవాటు. ఈసారి కాగితం ముందు కూర్చోవడం, లేచిపోవడం, ఇదే పని. ఎలా జరిగింది ప్రయాణం అని అడిగినవాళ్ళకి గోంగూర గురించి చెప్పాను, మిరపకల్లాల గురించి చెప్పాను, ఫిబ్రవరిలోనే మాడ్చేసిన ఎండ గురించి చెప్పాను. అక్కడ నేను చేసిన పని గురించి మాత్రం మా ఆవిడకి కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. బెజవాడలో ముప్పై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపి, మోకాళ్ళు మొరాయించాక మూసేశాను. పదిహేనేళ్ళ కిందట నిర్మల అనే అమ్మాయి గురజాల దగ్గర పల్లె నుంచి చదువుకోడానికి వచ్చి, సాయంత్రాలు మా స్టూడియోలో కంప్యూటర్ ముందు పనిచేసేది. ఫొటోల్లో మొటిమలు తుడవడం, కళ్ళకింద నలుపు తీయడం, మొహం తెల్లబరచడం అన్నీ నేనే నేర్పాను. రెండేళ్ళు చేసి మానేసింది. తర్వాత బొమ్మల కాలేజీలో చేరిందని, హైదరాబాదులో ఆమె బొమ్మలు ప్రదర్శనకి పెట్టారని విన్నాను. నేర్పింది నేనే కదా అని నలుగురితో చెప్పుకున్నాను కూడా.

జనవరి చివర్లో ఫోన్ చేసింది.

"సార్, మా ఊరి గుళ్ళో గోడ మీద మరియమాత బొమ్మ వేస్తున్నా. గుడి పండగలోపు అయిపోద్ది. మీరొచ్చి చూడాలి. దారిలో నరసరావుపేటలో బాషా అన్న బొమ్మలు కూడా చూసిరండి. మేమిద్దరం రంగులతోటే జనంతో గొడవ పెట్టుకుంటన్నాం."

అంత ఆప్యాయంగా పిలిచేసరికి మర్నాడే సంచీ సర్దాను.

నరసరావుపేట: గులాబీ చొక్కాల పెద్దమనుషులు

బాషాకి నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడట. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక బాషా బ్రష్షులు పారేయకుండా పెద్ద బొమ్మలకి దిగాడు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు భోజనాల గది ఇస్తే అందులో వరసగా పెట్టాడు.

ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ మగవాళ్ళవే. పల్నాటి పల్లెల్లో అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు. తెల్లపంచె, భుజాన కండువా, పైకి మెలేసిన మీసం. చొక్కా మాత్రం ఒకరిది గులాబి, ఒకరిది వంగపండు, ఒకరిది చిలకపచ్చ. ప్రతి మనిషి భార్యనీ అడిగి ఆమెకి ఇష్టమైన చీర తెప్పించుకుని, ఆ రంగే భర్త చొక్కాకి వేశాడు. బొమ్మ కింద ఆమె పేరు మాత్రమే రాశాడు.

"మా బెజవాడలో గులాబీ చొక్కా ఎవడైనా వేస్తాడు. ఇదేం వింత?" అన్నాను.

"ఇక్కడ వెయ్యరు సార్. 'ఏందిరా ఆడంగి రంగు' అంటారు. దాంతోపాటు ఇంకోటి. ఎలక్షన్లొచ్చినయ్యంటే పసుప్పచ్చ చొక్కా తియ్యాలన్నా, నీలం చొక్కా తియ్యాలన్నా బీరువా ముందర నిలబడి ఆలోచించాలి. బయటికి పోతే ఏ పార్టీ అని అడుగుతారు. రంగులన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు. మిగిలింది తెలుపొకటే. అందుకే అందరూ తెలుపే."

నేను నా తెల్లచొక్కా వంక చూసుకున్నాను.

ఇంతలో గులాబీ చొక్కా బొమ్మలోని మనిషే స్వయంగా వచ్చాడు. చిలకలూరిపేట దారిలో పత్తి రైతట, పేరు వెంకటేశ్వర్లు. వియ్యపురాలిని వెంటబెట్టుకుని చూపించడానికి వచ్చాడు.

"మొదట చూసినప్పుడు బాషాని కొట్టబోయా," అన్నాడు నాతో. "మా ఆడమనిషి నవ్వింది. ముప్పై ఏళ్ళలో నా మొగం చూసి నవ్వడం అదే మొదటిసారి. పోనీలే అని వదిలేశా."

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మీసం దువ్వుకుని బొమ్మ పక్కన నిలబడి ఫొటో తీయమన్నాడు. సరైన కోణం కోసం నేను వెనక్కి జరుగుతూ పోయి, అప్పుడే వేసిన ఇంకో బొమ్మకి వీపు ఆనించాను. చొక్కా వెనకంతా వంగపండు రంగు. బాషా నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. చొక్కా కోసం అనుకున్నాను, కాదు, బొమ్మ కోసం. మళ్ళీ వేసుకుంటాన్లే సార్ అన్నాడు గానీ, రెండు రోజుల పని నా వీపు మీద ఉందని అతని మొహం చెప్పింది.

ఆ చొక్కాతోనే హోటల్‌కి వెళ్ళి దిబ్బరొట్టె తిన్నాను. అరచేతి మందాన, అంచులు కరకరలాడుతూ, పల్లీ పచ్చడితో ముప్పై రూపాయలు. బల్ల తుడిచే ఆవిడ నా వీపు చూసి, "హోలీ ముందే ఆడావా బాబాయ్?" అంది. హాయిగా నవ్వుకున్నాను. ఆ ప్రయాణంలో హాయిగా నవ్వింది అదొక్కసారే.

గుడి గోడ

మర్నాడు పిడుగురాళ్ళ మీదుగా బస్సు. అక్కడ సున్నం బట్టీల పొగకి చెట్లూ పెంకులూ రోడ్డూ అన్నీ పిండి జల్లినట్టు తెల్లగా ఉంటాయి. అది దాటాక రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి తివాచీల్లా పరిచి ఉన్నాయి. కిటికీ తెరిస్తే దగ్గు, మూస్తే ఉక్క. తుమ్మింది నేనొక్కణ్ణే. మిగతా బస్సంతా నింపాదిగా కబుర్లు చెప్పుకుంటోంది.

నిర్మల ఊరు గురజాలకి దగ్గర. పేరు రాయను. నా వల్ల ఆ ఊరికి అయింది చాలు. నాపరాళ్ళ ఇళ్ళ మధ్య చిన్న ఆర్సీయం గుడి, అంటే కేథలిక్ చర్చి. పండగ ఇంకా వారం ఉంది. ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు గుడి ముందు రాళ్ళు కడుగుతున్నారు.

నిర్మల ఎదురొచ్చింది. చేతులకి మోచేతుల దాకా రంగు. "రండి సార్, కాఫీ తర్వాత, ముందు చూడండి," అని లోపలికి తీసుకుపోయింది.

పక్కగోడ మీద బొమ్మ మనిషికి రెండింతలుంది. మిరప చేను గట్టున కూర్చున్న ఒక తల్లి, ఒళ్ళో బిడ్డ. కోతకి వెళ్ళే ఆడవాళ్ళలాగే చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకి తువ్వాలు. తల వెనక గుండ్రటి వెలుగు లేదు, ఆ చోట ఎర్రటి మిరపకాయల రాశి ఉంది. మొహం నల్లగా ఉంది. ఎంత నలుపంటే, నా స్టూడియోలో అయితే కనీసం మూడు పాయింట్లు లేపేవాణ్ణి, అంటే మూడు మెట్లు తెల్లబరిచేవాణ్ణి. బుగ్గ ఎముక మీద వెలుగు పడ్డచోట ఆ నలుపులోంచి నీలం, తేనె రంగు, ఎరుపు కనిపిస్తున్నాయి. అంత అందమైన పని నేను చాలాకాలంగా చూడలేదు. ఈ మాట అప్పుడే పైకి అనాల్సింది. "బాగుందమ్మాయ్" అని ఊరుకున్నాను.

"నలుపు ట్యూబు నేను కొననే కొనను సార్," అంది నిర్మల. స్టీలు పళ్ళెంలో రంగులు కలిపి చూపించింది. "ఈ మనుషుల్లో నలుపు లేదు. నీలం, ఇటుకెరుపు, కొంచెం పసుపు ఉన్నాయి. మనిషి చెయ్యి పళ్ళెం పక్కన పెట్టుకుని కలుపుతా. వాళ్ళు అవునన్నాకే గోడ మీదికి పోతది."

ఆ చెయ్యి ఎవరిదో కూడా చూపించింది. లూర్దు అనే అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మిరపకోతకి పోతుంది, మొగుడు సున్నం బట్టీలో పని. చంకలో ఏడాది బిడ్డతో గోడ దగ్గర నిలబడి ఉంది. బొమ్మ కోసం వారం రోజులు కూలి మానుకుని కూర్చుందట.

"నేను పెళ్ళికి తప్పితే ఫొటో దిగలేదు సారూ," అంది లూర్దు. "ఆ పెళ్ళి ఫొటోలో నేను లేను. తెల్లంగా ఎవరో ఉంటది. మా అత్త రోజూ దాన్ని చూసి, పిల్ల ఇట్టా ఉంటే బాగుండేదిగా అంటది." గోడవైపు గడ్డం ఎత్తింది. "ఇది నేను."

బిడ్డ గోడ మీది చెంపని అరచేత్తో తట్టింది. రంగు ఆరిందో లేదోనని నిర్మల చటుక్కున చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నవ్వారు.

శౌరయ్య గారింట్లో భోజనం

ఆ ఊరి గుడి పెద్ద శౌరయ్య. అరవై దాటిన మనిషి, నాలుగెకరాల రైతు. బెజవాడ నుంచి వచ్చిన సారు హోటల్లో తింటే ఊరికి మర్యాద కాదని భోజనానికి పట్టుకుపోయాడు. వడ్డించింది వాళ్ళమ్మ ఇన్నమ్మ. ఎనభై ఏళ్ళ మనిషి, నల్లగా, ముడతలు పడి, నిటారుగా ఉంది. మా ఇళ్ళలో ఇంకాస్త వెయ్యమంటారా అని అడుగుతారు. అక్కడ అడగడం లేదు. నాటుకోడి కూర, గోంగూర, పండుమిరపకాయ కారం ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి. మూడో ముద్దకి వెక్కిళ్ళొచ్చి కళ్ళనీళ్ళు కారాయి.

"ఏడవమాక నాయనా, మజ్జిగ పోత్తాలే," అంది ఇన్నమ్మ.

చేతులు కడుక్కున్నాక శౌరయ్య అసలు సంగతి ఎత్తాడు.

"ఆ బొమ్మ సంగతి ఏంది సారూ? మా నిర్మల చానా తెలివిగల పిల్ల, కాదన్ను. కానీ మరియమాత మిరపకాయలు కోసే మనిషిలాగా ఉంటదా?"

నేను నవ్వేసి ఊరుకోబోయాను. ఆయన ఊరుకోలేదు.

"మా పిల్లోళ్ళని బళ్ళో ఏమంటారో తెలుసా? కర్రోడా, కాకీ అంటారు. నన్నూ అన్నారు, మా నాయన్నీ అన్నారు. గుళ్ళోకి పోతే ఒక్క గంట ఆ మాట మర్చిపోతాం. ఆమెను గూడా మాలాగే నల్లంగా చేత్తే ఇంక యాడికి పోవాల? పండగకి పైఊళ్ళోళ్ళు వత్తారు. చూసి నవ్వరా? దేవుడి తల్లిని గూడా కూలికి పంపించారని."

ఆయన గొంతులో దుర్మార్గం లేదు. ఒక వయసు మళ్ళిన మనిషి చిన్నప్పటినుంచీ మోస్తున్న అవమానం ఉంది. ఆ బరువు దించడానికే కదా నిర్మల ఈ బొమ్మ వేస్తోంది అని నాకు తోచింది. చెప్పడానికి నోరు రాలేదు. ఆయన అన్నం తిని ఉన్నాను. మంచి మనిషిగా కనపడాలని ఉంది.

నా మాట

నాలుగు గంటలకి గుళ్ళో పదిహేను మంది దాకా కూడారు. ఆదివారం పూజకి ఫాదర్ గారు వేరే ఊరి నుంచి వస్తారు. మామూలు రోజుల్లో ప్రార్థన చెప్పించేది ఉపదేశి రాయప్ప. ఆయనా శౌరయ్యా బల్ల మీద కూర్చున్నారు. నిర్మల గోడకి ఆనుకుని నిలబడింది. లూర్దు బిడ్డనెత్తుకుని ఆడవాళ్ళ వరసలో చివర.

"ఎవరేమన్నా నా మాట ఒకటే," అంది నిర్మల. "ఈ బొమ్మ వెయ్యమంది మీరే. నజరేతులో మరియమ్మ కష్టం చేసుకుని బతికిన మనిషి. ఈ ఊళ్ళో అట్టాంటి మనిషి ఎవరని చూశా. లూర్దు కనపడింది."

"కష్టం చెయ్యొద్దని ఎవరన్నారమ్మా? రంగు సంగతి మాట్టాడు," అన్నాడు రాయప్ప.

ఒకరిమీద ఒకరు మాట్లాడుకున్నారు. గొంతులు లేచాయి. అప్పుడు శౌరయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపి నా వైపు తిరిగాడు.

"బెజవాడ సారున్నారుగా. ముప్పై ఏళ్ళు రంగుల్లో బతికిన మనిషి. నిర్మలకి పని నేర్పింది గూడా ఆయనే. ఆయన ఏదంటే అది."

అందరూ నన్ను చూశారు. నిర్మల కూడా చూసింది. ఆ చూపులో భయం లేదు. నమ్మకం ఉంది. పిలిచింది ఇందుకేనని అప్పుడర్థమైంది. ఇలాంటి రోజొస్తుందని ఆమెకి తెలుసు. పక్కన ఒక్క మనిషి నిలబడతాడని నన్ను పిలిచింది.

నేను గొంతు సవరించుకుని నవ్వు మొహంతో, స్టూడియోలో వేలసార్లు అన్న మాటే అన్నాను.

"ఎందుకీ గొడవంతా? ఒక్క పాయింటు లేపితే పోలా అమ్మాయ్? బొమ్మా ఉంటుంది, అందరికీ బాగుంటుంది."

"అదీ మాట!" అన్నాడు రాయప్ప. ఎవరో చప్పట్లు కొట్టారు. నిర్మల నా మీదనుంచి చూపు తీసేసింది.

లూర్దు వరసలోంచి ముందుకొచ్చింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"అక్కా, నా మొగం తీసెయ్. తెలుపు మాత్రం పుయ్యమాక."

"ఆగవే, నే మాట్టాడతా," అంది నిర్మల.

"వద్దులే. మొగం నాదిగా. తీసెయ్."

  నిర్మల పుట్టీ గీకే రేకు తీసుకుని నిచ్చెన ఎక్కింది. నుదుటి దగ్గర మొదలుపెట్టింది. గోడ మీద రేకు గీసుకునే చప్పుడు, కింద రాళ్ళ మీద రంగు పొరలు రాలడం. నీలం, ఇటుకెరుపు, తేనె రంగు, గోరంత ముక్కలుగా. లూర్దు చివరిదాకా నిలబడి చూసింది. కళ్ళు, ముక్కు, పెదాలు పోయి, తువ్వాలు కింద తెల్లటి సున్నం గోడ మిగిలాక బిడ్డని ఇంకో చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది.

నేను ఆపండి అనలేదు. ఆ పది నిమిషాల్లో ఎప్పుడైనా అనొచ్చు. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

మాచర్ల: మస్తాన్‌బీ గాజుల అంగడి

ఆ సాయంత్రం బస్సుకే మాచర్ల వెళ్ళిపోయాను. ముందు అనుకున్న ప్రకారం అక్కణ్ణుంచి సాగర్ చూసి ఇంటికి రావాలి. నిర్మల ఇంటికెళ్ళి చెప్పి రావడానికి కూడా ధైర్యం చాలలేదు. బస్టాండ్ నుంచి 'వెళ్తున్నానమ్మా' అని మెసేజ్ పెట్టాను. జవాబు లేదు.

పొద్దున ఇడ్లీ ముందు పెట్టుకుంటే పదమూడేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. ఒక తల్లి చనిపోయిన కూతురి ఫొటో పెద్దది చేయించడానికి మా స్టూడియోకి వచ్చింది. నల్లటి పిల్ల. నేను నిర్మలని పక్కన కూర్చోబెట్టి, బాగా లేపి, పెదాలకి రంగు పెట్టించి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. ఆ తల్లి రెండు చేతుల్తో ఫ్రేము పట్టుకుని చాలాసేపు చూసి, "మా పాప ఏదండీ?" అంది. ఏడవలేదు, తిట్టలేదు. నిజంగా తెలియక అడిగింది. "ఇదేనమ్మా, కాస్త అందంగా వచ్చింది" అని సర్దిచెప్పి పంపేశాను. మరుసటి వారం నిర్మల పని మానేసింది. చదువు వత్తిడి అంది. అదే నిజమనుకున్నాను. అనుకోవడం సులువు కాబట్టి.

ఇడ్లీ వదిలేసి బజార్లోకి వచ్చాను. ఒక గాజుల అంగడి ముందు నలుగురు కూలి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మస్తాన్‌బీ అనే పెద్దావిడ ఒక నల్లటి పిల్ల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మణికట్టు నొక్కుతూ గాజులెక్కిస్తోంది. ఆ పిల్ల లేత రంగులు చూపిస్తే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అయ్యి తీసెయ్. ఈ ముదురు పచ్చ చూడు. తెల్లచేతికి ఏత్తే ఇది పాచిలాగుంటది. నీ చేతికైతే వెలుగుద్ది. రంగుకి తగ్గ చెయ్యి దొరకాలే పిల్లా."

రంగు పట్టించుకోని మనిషి కాదావిడ. నాలాగే రంగుతోనే బతికింది. ఎదుటి చేతిని మాత్రం ఒక్కసారి కూడా తక్కువ చెయ్యలేదు. నేను అక్కడే నిలబడి ఆ ముదురు పచ్చవి రెండు డజన్లు కట్టించుకున్నాను. డజను నలభై. ఎవరికి, కొలతెంత అని మస్తాన్‌బీ అడిగితే కొలత తెలియదన్నాను. "కొలత తెలవకుండా గాజులు కొంటారా ఎవరైనా?" అని మందలించి, ఒక కొలత తనే ఊహించి ఇచ్చింది. సాగర్ మానుకుని వెనక్కి బస్సెక్కాను.

మళ్ళీ ఆ ఊరు

లూర్దు అప్పుడే కోత నుంచి వచ్చి గుమ్మంలో చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. మిరపకాయల ఘాటుకి వేళ్ళు మండుతాయట. నన్ను చూసి లేచి, మంచం వాల్చింది. నేను కూర్చోలేదు.

"తప్పయిందమ్మా," అన్నాను.

"మీరేం తిట్టలేదుగా సారూ. ఒక్క పాయింటన్నారు, అంతేగా." నూనె రాసుకుంటూనే ఉంది. "పాయింటంటే నాకు తెలవదు. ఎంత తెలుపో అడుగుదామనుకున్నా. అడగబుద్ధి కాలా."

గాజుల పొట్లం విప్పి ముందు పెట్టాను. చూసింది. బాగున్నాయంది కూడా. మళ్ళీ పొట్లం కట్టి నా చేతికిచ్చింది.

"ఇయ్యి తీసుకుంటే మీకు పనైపోద్ది. వద్దులే సారూ."

చేతిలో పొట్లంతో శౌరయ్య ఇంటికి నడిచాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిన్న నేనన్నది తప్పని, ఆ బొమ్మ ఉన్నదున్నట్టే ఉండాల్సిందని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నిన్న పదిమందిలో అన్నారు. ఇయాళ నా ఒక్కడి చెవులో చెప్తే ఏమవుద్ది?"

"పదిమందినీ పిలవండి. చెప్తాను."

సాయంత్రం ప్రార్థన గంట కొట్టినప్పుడు వచ్చినవాళ్ళ ముందు నిలబడ్డాను. వెనక మొహం లేని తల్లి. నిర్మల తలుపు దగ్గర ఉంది, లోపలికి రాలేదు. ముప్పై ఏళ్ళలో వేలమంది మొహాలు తెల్లగా చేశానని, అందం చేస్తున్నాననుకున్నానని, నిజానికి ప్రతివాళ్ళకీ నువ్వు సరిపోవని చెప్పి పంపించానని అన్నాను. నిన్న లూర్దుతో కూడా అదే అన్నానని చెప్పాను.   నా మాటతో పోయిన రంగు నా మాటతో తిరిగి రాదని చెప్తుండగానే బాగా తెలిసింది.

నేను ముగించాక ఇన్నమ్మ నోరు విప్పింది.

"మా ఆయన పోయినప్పుడు పిడుగురాళ్ళలో ఫొటో చేయించారు. దొరలాగ చేశారు. ఇరవై ఏళ్ళ సంది రోజూ పొద్దున్నే ఎవరికో దణ్ణం పెడతన్నా."

కొందరు నవ్వారు. శౌరయ్య నవ్వలేదు. వాళ్ళమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

బయటికొచ్చాక నిర్మలతో, "మళ్ళీ వేస్తావా అమ్మా?" అన్నాను.

"లూర్దుని అడిగా సార్. ఇష్టం లేదంది." చేతి మీది రంగు గీక్కుంటూ, "చానా లేటుగా చెప్పారు. అయినా చెప్పారు," అంది. బస్సు దాకా వచ్చింది గానీ అది కదలక ముందే వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చాక

తర్వాతి సంగతులు ఫోన్లో తెలిసినవి. పండగ మొహం లేని బొమ్మ ముందే జరిగింది. ఫాదర్ గారు చూసి ఏమిటిదని అడిగితే ఎవరూ సమాధానం చెప్పలేదట. పైఊళ్ళవాళ్ళు నవ్వలేదు, ఇంకా పూర్తికాలేదేమో అనుకున్నారు.

పండగైన రెండు వారాలకి ఇన్నమ్మ కర్ర పట్టుకుని నిర్మల ఇంటికొచ్చిందట.

"ఆ పిల్ల ఇవ్వనంటే నా మొగం పెట్టు. ముడతలతో సహా. నల్లంగా లేదని ఎవడన్నా అంటే నా కాడికి పంపియ్."

నిర్మల తొమ్మిది రోజులు వేసింది. ఆ తొమ్మిది రోజులూ తల్లిని గుడికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది శౌరయ్యే. పళ్ళెం పక్కన తల్లి చెయ్యి పెట్టి నిర్మల రంగు కలుపుతుంటే దగ్గరికొచ్చి చూశాడట. "ఇంకొంచెం నీలం ఎయ్యి, ఎండలో మా అమ్మ చెయ్యి అట్టాగే ఉంటది" అన్నాడట. రాయప్ప సణిగాడు గానీ, శౌరయ్య తల్లిని తెల్లబరచమని ఎవరంటారు?

ఇప్పుడు ఆ గోడ మీద ఎనభై ఏళ్ళ మరియమాత చేనుగట్టున కూర్చుని ఉంది. లూర్దు ప్రతి ఆదివారం ఆ పక్కనే కూర్చుంటుందట. చంకలోని బిడ్డ ఆ బొమ్మని చూపించి "అవ్వ, అవ్వ" అని అరిస్తే పూజ మధ్యలో అందరూ నవ్వుతారట.

ఇదంతా విని సంతోషించాను. ఎంత సంతోషించినా, గోడ మీద ఉండాల్సింది ఇంకో మొహం. ఆ మొహం ఉన్న వారం రోజులూ ఒక మనిషి తనని తాను చూసుకుంది. నిర్మలని నిచ్చెన ఎక్కించి దాన్ని గీకించింది నేను. ఇన్నమ్మ పెద్దమనసు నా లెక్కలో వేసుకోలేను.

ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఉండబట్టలేక అడిగాను.

"నా గురించి లూర్దు ఏమైనా అంటుందా అమ్మా?"

నిర్మల ఆలోచించి చెప్పింది.

"లేదు సార్. ఏమీ అనదు."

ఇంకేమీ అడగలేదు. తిట్టిందని చెప్పినా బాగుండేది.